పసిపాప కళ్లు ఊగుతున్నాయి, రెటీనా మాత్రం నార్మల్ అన్నారు. వంశపారంపర్య రెటీనా జబ్బు ఉందో లేదో ఎలా తేలుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాపకు ఏడు నెలలు. మూడో నెల నుంచి కళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి, మీ ముఖం వైపు నిలకడగా చూడటం లేదు. కంటి డాక్టర్ చుక్కలు వేసి లోపల చూసి రెటీనా నార్మల్‌గానే ఉందన్నారు. మెదడు ఎంఆర్ఐ కూడా బాగానే వచ్చింది. అయినా వంశపారంపర్య రెటీనా జబ్బు అయ్యుండొచ్చు, రెటీనా పనితీరును కొలిచే పరీక్ష ఈఆర్‌జీ చేయించండి అన్నారు. "రెండు వైపులా మా ఇళ్లలో ఎవరికీ ఇలాంటిది లేదు. రెటీనా బాగుంటే జబ్బు ఎలా ఉంటుంది? పాపను ఇబ్బంది పెట్టకుండా నేరుగా జీన్ టెస్ట్ చేయిస్తే సరిపోదా?" అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రెటీనా చూడటానికి బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఏడాది లోపు పిల్లల్లో ఈ జబ్బులు చాలాసార్లు మామూలుగా కనిపించే రెటీనాతోనే మా దగ్గరికి వస్తాయి. ఇంట్లో ఎవరికీ లేకపోవడాన్ని బట్టి కూడా జబ్బు లేదని చెప్పలేం. ఈఆర్‌జీ చేయించమన్న మీ డాక్టర్ సలహా సరైనదే, వాయిదా వేయకండి. జీన్ టెస్ట్ కూడా కావాలి. కానీ అది ఈఆర్‌జీ తర్వాతో, దాంతో పాటో చేయించాల్సింది, దానికి బదులుగా కాదు.

నేను పిల్లల కంటి డాక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువగా ఇలాంటి పిల్లల్నే చూస్తున్నాను. మీ పాపను చూడకుండా జబ్బు పేరు చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మేం ఎలా ఆలోచిస్తామో తెలిస్తే ఏ పరీక్ష ఎందుకో మీకు అర్థమవుతుంది. చెప్పింది అర్థంకాక వెనక్కి తగ్గిపోయిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. అందుకే కాస్త పెద్దదైనా వివరంగా రాస్తున్నాను.

రెటీనా ఎందుకు నార్మల్‌గా కనిపిస్తుంది?

రెటీనా అంటే కంటి లోపల వెనకవైపు, దాదాపు పారదర్శకంగా ఉండే పొర. వెలుతురును పట్టుకునే కణాలు పని చేస్తున్నాయో లేదో టార్చి వేసి చూస్తే తెలియదు. బల్బును బయటి నుంచి చూసి లోపల తీగ తెగిందో లేదో చెప్పలేనట్టే ఇది కూడా. పెద్దవాళ్లలో రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా కణాలు నెమ్మదిగా చనిపోయే వంశపారంపర్య జబ్బు) అనగానే డాక్టర్లకు గుర్తొచ్చే నల్లటి మచ్చలు కణాలు చనిపోయాక, వాటి వెనక ఉన్న రంగు పొర చెదిరి లోపలికి చేరడం వల్ల వస్తాయి. దానికి ఏళ్లు పడుతుంది. పుట్టుకతోనే చూపు చాలా తక్కువగా ఉండే లెబర్ కంజెనిటల్ అమౌరోసిస్‌లో కూడా మొదటి ఏడాదిలో రెటీనా చక్కగా కనిపించవచ్చు. ఈ జబ్బును థియోడర్ లెబర్ 1869లోనే వర్ణించాడు, కింద దీన్నే క్లుప్తంగా లెబర్ అంటాను. పసిపిల్లలకు ఈఆర్‌జీ చేసే వీలు వచ్చాక గానీ దాన్ని కచ్చితంగా పట్టుకోవడం కుదరలేదు.

ఇక కుటుంబంలో ఎవరికీ లేదన్న సంగతి. పసితనంలో కనబడే రెటీనా జబ్బుల్లో ఎక్కువ భాగం రిసెసివ్ పద్ధతిలో వస్తాయి. అంటే అమ్మ దగ్గర ఒక లోపమున్న కాపీ, నాన్న దగ్గర ఒకటి ఉంటాయి. వాళ్లిద్దరికీ చూపు పూర్తిగా బాగుంటుంది. రెండు లోపాలూ ఒకే బిడ్డకు చేరినప్పుడే జబ్బు బయటపడుతుంది. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే ఆ అవకాశం పెరుగుతుంది, కానీ ఏ బంధుత్వమూ లేని జంటలకు కూడా ఇది జరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో, ఏదో పని చేసినందుకో ఇలా కాలేదు. ఈ మాట ప్రతి అమ్మకూ చెబుతాను. అడిగినా అడగకపోయినా చాలామంది మనసులో ఆ ప్రశ్న ఉంటుంది.

పరికరం ముట్టుకోకముందే సగం సమాచారం దొరుకుతుంది

పాపను గదిలోకి తీసుకురాగానే నేను కాసేపు ఏమీ చేయను, ఊరికే చూస్తాను. తర్వాత అమ్మానాన్నలను అడుగుతాను. ఆ ప్రశ్నలే మీకూ చెబుతున్నాను. జవాబులు ఒక కాగితం మీద రాసుకుని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కళ్లు ఊగడం ఎప్పుడు మొదలైంది? రెటీనాలో పుట్టుకతో లోపం ఉంటే సాధారణంగా రెండు మూడు నెలల వయసులో మొదలవుతుంది. పిల్లలు చూపు నిలపడం నేర్చుకునే వయసు అదే. నిలపడానికి స్పష్టమైన బొమ్మ దొరక్క కళ్లు తచ్చాడతాయి. మెదడులోని చూపు భాగం దెబ్బతిన్న పిల్లల్లో చూపు తక్కువగా ఉన్నా కళ్లు ఇలా ఊగడం అంత సాధారణం కాదు. చూపు ఆలస్యంగా వచ్చే మామూలు పిల్లల్లో కూడా ఊగవు, ఆరు నెలలు వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే చూడటం మొదలుపెడతారు. మీ పాప విషయంలో ఊగడం ఉంది, అది కూడా మూడో నెలలో మొదలైంది. అందుకే మీ డాక్టర్ ఎంఆర్ఐతో ఆగకుండా కంటి వైపే చూస్తున్నారు.

వెలుతురు అంటే పాపకు ఇష్టమా, భయమా? ఈ ఒక్క ప్రశ్న దారిని రెండుగా చీలుస్తుంది. లైటు వైపు, కిటికీ వైపు కన్నార్పకుండా చూస్తూ ఉండి, మసక వెలుతురులో ఏమీ చూడనట్టు ప్రవర్తించే పిల్లలు ఒక రకం. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపమున్న పిల్లలు చాలాసార్లు ఇలా ఉంటారు. ఎండలోకి రాగానే కళ్లు గట్టిగా మూసుకుని ముఖం దాచుకుని, సాయంత్రం అయ్యేసరికి హుషారుగా బొమ్మలు అందుకునే పిల్లలు ఇంకో రకం. వీళ్లలో పగటి చూపుకూ రంగులకూ పనికొచ్చే కోన్ కణాలు పని చేయని ఎక్రొమటాప్సియాను ముందు అనుమానిస్తాను.

పాప కళ్లను వేళ్లతో, పిడికిలితో నొక్కుకుంటుందా? దురదకు రుద్దుకోవడం వేరు, గుచ్చినట్టు లోపలికి నొక్కుకోవడం వేరు. రెటీనా బాగా బలహీనంగా ఉన్న పిల్లలు గుడ్డును నొక్కుకుంటే వాళ్లకు మెరుపుల్లాంటివి కనబడతాయి, అందుకే పదే పదే నొక్కుకుంటారు. దీన్ని ఎలర్జీ అనుకుని నెలల తరబడి చుక్కలు వేయించుకుని వచ్చిన పిల్లలు నా దగ్గరకు చాలామంది వచ్చారు. ఈ అలవాటు కనిపిస్తే మెల్లగా చేతికి వేరే పని ఇచ్చి మళ్లించండి. ఏళ్ల తరబడి నొక్కితే కళ్లు లోతుకు పోతాయి, నల్లగుడ్డు ముందు పొర కూడా ఆకారం చెడవచ్చు.

ఇంకొకటి నేను స్వయంగా చూస్తాను. గదిలో లైటు ఆపితే కంటిపాప పెద్దది కావాలి. కొందరు పిల్లల్లో లైటు ఆపగానే ముందు చిన్నదవుతుంది. ఎక్రొమటాప్సియాలోనూ, పుట్టుకతో వచ్చి పెరగకుండా ఉండిపోయే రేచీకటిలోనూ ఇది కనబడుతుంది. ఇది కనిపిస్తే చాలు, ఎంఆర్ఐ ఎంత బాగున్నా నేను రెటీనాను వదిలిపెట్టను.

తర్వాత చుక్కలు వేసి పవర్ చూస్తాం. ఇది చిన్న పరీక్ష అనుకోకండి. పెద్ద ప్లస్ పవర్ ఉంటే లెబర్ వైపు, పెద్ద మైనస్ ఉంటే పుట్టుకతో వచ్చే రేచీకటి వైపు మొగ్గు. ఏదీ కచ్చితం కాదు గానీ దారి చూపిస్తుంది. తల్లిదండ్రుల కళ్లను కూడా ఒకసారి చూస్తాను. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే కొన్ని జబ్బుల్లో అమ్మ రెటీనా మీద ఆమెకే తెలియని మచ్చలు, మెరుపులు కనిపిస్తాయి. ఆ ఒక్క చూపుతో తేలిపోయిన కేసులు ఉన్నాయి.

ఈఆర్‌జీ అంటే ఏమిటి, ఎందుకు తప్పించుకోకూడదు

గుండెకు ఈసీజీ ఎలాగో రెటీనాకు ఈఆర్‌జీ అలాగ. కంటికి లైటు మెరిపిస్తారు, దానికి రెటీనా ఇచ్చే సన్నని కరెంటును కొలుస్తారు. నొప్పి ఉండదు. పిల్లలకైతే కంటి కింద చర్మానికి అతికించే ఎలక్ట్రోడ్‌తో, చేతిలో పట్టుకునే పరికరంతో చేసేస్తున్నారు. చాలామంది పసిపిల్లలకు మత్తు అవసరం పడదు. పాలు తాగించి, ఒళ్లో పెట్టుకుని చేయించవచ్చు. పాప బాగా కదిలితే మత్తు ఇవ్వాల్సి రావచ్చు. అప్పుడు మత్తు వల్ల తరంగాలు కాస్త తగ్గుతాయని గుర్తుపెట్టుకుని రిపోర్టు చదవాలి.

పద్ధతి ప్రకారం పాపను 20 నిమిషాలు చీకట్లో ఉంచుతారు. ఆ తర్వాత మసక మెరుపు ఇస్తే రాడ్ కణాలు జవాబిస్తాయి, అంటే చీకటి చూపు కణాలు. గట్టి మెరుపుకు రెండు రకాలూ కలిసి జవాబిస్తాయి. తర్వాత 10 నిమిషాలు వెలుతురులో ఉంచి మెరుపులు ఇస్తారు, సెకనుకు 30 సార్లు మినుకుమనే లైటు కూడా చూపిస్తారు. ఇది కోన్ కణాల వంతు. ఇలా విడివిడిగా తెలుసుకోవడంలోనే ఈఆర్‌జీ విలువంతా ఉంది.

రెండూ దాదాపు లేకపోతే లెబర్. రాడ్ బాగుండి కోన్ లేకపోతే ఎక్రొమటాప్సియా. మొదటి తరంగం బాగా లేచి, దాని తర్వాత పైకి లేవాల్సిన తరంగం లేవకపోతే, వెలుతురు పట్టుకునే కణాలు బాగానే ఉన్నాయి గానీ తర్వాతి కణాలకు సంకేతం అందడం లేదని అర్థం. అది పుట్టుకతో వచ్చే రేచీకటి కావచ్చు, మగపిల్లాడైతే రెటీనా పొరలు విడిపోయే రెటినోస్కైసిస్ కావచ్చు. ఈ నాలుగు జబ్బుల పిల్లల్లో చాలామంది ఏడు నెలల వయసులో ఇంచుమించు ఒకేలా కనబడతారు, కళ్లు ఊగుతూ, రెటీనా ఇంచుమించు మామూలుగానే ఉంటూ. కానీ వాళ్ల భవిష్యత్తులు ఒకటి కావు.

ఒక బాబు సంగతి చెబుతాను. పదినెలలప్పుడు వేరేచోట ఈఆర్‌జీ చేశారు, "తరంగాలు లేవు" అని రాసి లెబర్ అన్నారు. ఆ అమ్మానాన్నలు బాబుకు ఎప్పటికీ చూపు రాదని నమ్మి ఏడాది గడిపారు. నా దగ్గరికి వచ్చినప్పుడు బాబు వెలుతురులో కళ్లు తెరవడం లేదు. లైట్లు తగ్గించగానే నా మెడలో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకున్నాడు. లెబర్ పిల్లాడు చేసే పని కాదది. పాత రిపోర్టు తీసి చూస్తే పరీక్ష అంతా వెలుతురులోనే చేశారు, చీకట్లో ఉంచిన దాఖలా లేదు. మళ్లీ 20 నిమిషాలు చీకట్లో ఉంచి చేస్తే రాడ్ తరంగాలు నిండుగా వచ్చాయి. ఎక్రొమటాప్సియా అది. జీన్ టెస్ట్‌లో సీఎన్‌జీబీ3 అనే జన్యువులో లోపమని తేలింది. ముదురు ఎరుపు రంగు అద్దాలు పెట్టాక బాబు పగటిపూట పరుగెత్తడం మొదలుపెట్టాడు. చూపు పూర్తిగా రాలేదు, రంగులు తెలియవు. కానీ పెద్ద అక్షరాలతో చదువుకుంటున్నాడు. అందుకే మీకు చెబుతున్నాను, ఈఆర్‌జీ చేసేముందు పాపను ఎంతసేపు చీకట్లో ఉంచుతారో అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. మొదటి నెలల్లో రెటీనా ఇంకా ఎదుగుతూ ఉంటుంది, తరంగాలు సహజంగానే చిన్నగా ఉంటాయి. అందుకే వయసును బట్టి పోల్చాలి. ఆరు నెలల లోపు చేసి తక్కువ వచ్చిందని చెబితే, ఏడాది దాటాక ఇంకోసారి చేయకుండా నేను తుది మాట రాయను. మీ పాపకు ఏడు నెలలు కాబట్టి ఇప్పుడు చేయించడానికి సరైన సమయమే. అయినా మళ్లీ ఒకసారి కావాలంటే విసుక్కోకండి.

ఓసీటీ, ఫొటోలు

ఓసీటీ రెటీనాను అడ్డంగా కోసి చూపించినట్టు పొరలన్నీ చూపిస్తుంది. పసిపిల్లలకు చేత్తో పట్టుకునే పరికరం ఉన్నచోట చేయించండి, లేనిచోట రెండు మూడేళ్లు వచ్చేదాకా ఆగవచ్చు. వెలుతురు పట్టే కణాల గీత మిగిలి ఉందా, మధ్యలో ఉండాల్సిన గుంట ఏర్పడిందా అన్నది ఇందులో తెలుస్తుంది. గుంట ఏర్పడకపోతే, ఒంట్లో, కంట్లో రంగు తక్కువగా ఉండే ఆల్బినిజం లాంటివి ఆలోచిస్తాం. జుట్టు నల్లగా ఉన్న పిల్లల్లో కూడా కంటికి మాత్రమే పరిమితమైన ఆల్బినిజం ఉంటుంది. దాన్ని ఎవరూ అనుమానించరు. ఆటోఫ్లోరెసెన్స్ ఫొటో ఇంకో ఉపయోగకరమైన పరీక్ష, ప్రత్యేకమైన వెలుతురు వేసినప్పుడు రెటీనా నుంచి వచ్చే సన్నని వెలుగును ఇది పట్టుకుంటుంది. ఆర్‌పీఈ65 లోపంలో రెటీనా పొర మిగిలే ఉంటుంది గానీ ఈ ఫొటోలో వెలుగు దాదాపు కనబడదు. ఆ జత కనిపిస్తే జన్యు రిపోర్టు రాకముందే నాకు ఆశ పుడుతుంది. ఎందుకో కింద చెబుతాను.

నేరుగా జీన్ టెస్ట్ ఎందుకు సరిపోదు?

వంశపారంపర్య రెటీనా జబ్బులకు కారణమయ్యే జన్యువులు 270కి పైగా తెలిశాయి. ఒక్క లెబర్‌కే 25 దాకా ఉన్నాయి. రక్తం ఇస్తే యంత్రం అన్నీ చదివి "ఇదీ జబ్బు" అని చెప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వచ్చేది ఒక జాబితా. అందులో కొన్ని మార్పులు జబ్బు చేసేవి, ఎక్కువ భాగం ఏమీ చేయనివి, మధ్యలో "అర్థం ఇంకా తేలనివి". ఈ మూడో రకాన్ని రిపోర్టులో వీయూఎస్ అని రాస్తారు. అది చూసి పాజిటివ్ వచ్చిందని ఏడ్చిన తల్లులు ఉన్నారు, ఆ ఒక్క అక్షరాల ముక్క పట్టుకుని జబ్బు తేలిందని ఫైలు మూసేసిన డాక్టర్లూ ఉన్నారు. రెండూ పొరపాటే. ఆ మార్పు ఈ పిల్ల జబ్బుకు సరిపోతుందా లేదా అని చెప్పాలంటే ఈఆర్‌జీ, ఓసీటీ, ఇంట్లో పాప ప్రవర్తన, ఈ మూడూ చేతిలో ఉండాలి. కోన్‌లకు సంబంధించిన జన్యువులో మార్పు దొరికింది, ఈఆర్‌జీలో మాత్రం కోన్‌లు బాగున్నాయి అంటే ఆ మార్పు మీ జవాబు కాదు.

అమ్మానాన్నల రక్తం కూడా తప్పక ఇవ్వండి. రిసెసివ్ జబ్బులో రెండు మార్పులు దొరికితే ఒకటి అమ్మ వైపు నుంచి, ఒకటి నాన్న వైపు నుంచి వచ్చాయని తేలాలి. రెండూ ఒకే వైపు నుంచి వస్తే రెండో కాపీ బాగానే ఉన్నట్టు, అప్పుడు వెతుకులాట మళ్లీ మొదటికి వస్తుంది. ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్ల తప్పు పేరుతో ఏళ్లు గడిపిన కుటుంబాన్ని నేను చూశాను.

ఏమీ దొరకలేదన్నా జబ్బు లేదని కాదు. మామూలు ఎక్సోమ్ పరీక్ష జన్యువుల్లో పని చేసే ముక్కల్నే చదువుతుంది. లెబర్‌కు కారణమయ్యే సీఈపీ290 జన్యువులో బాగా తెలిసిన ఒక మార్పు ఆ ముక్కల మధ్య, లోతుగా ఉన్న భాగంలో ఉంటుంది. ప్రత్యేకంగా వెతక్కపోతే తప్పిపోతుంది. మగపిల్లల్లో ఆర్‌పీజీఆర్ జన్యువులో ఓఆర్‌ఎఫ్15 అనే భాగం కూడా అంతే, ఒకే రకం అక్షరాలు పదే పదే రావడంతో యంత్రం సరిగా చదవలేదు. కాబట్టి టెస్ట్ చేసే ల్యాబ్‌ను ఈ రెండూ చూస్తారా అని అడిగించండి. రెండు మూడేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ విశ్లేషించమని అడగవచ్చు. అప్పుడు అర్థంకానిది ఇప్పుడు తేలిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంత చెప్పాక కూడా జీన్ టెస్ట్ చేయించండి అనే అంటాను. కారణం ఆర్‌పీఈ65. ఈ జన్యువు రెండు కాపీలూ చెడి, రెటీనాలో బతికున్న కణాలు ఇంకా ఉంటే, మంచి కాపీని రెటీనా కిందకు ఇంజెక్ట్ చేసే వోరెటిజీన్ నెపార్వోవెక్ అనే చికిత్సకు 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏడాది నిండిన పిల్లల నుంచి ఇవ్వవచ్చు. ఇది మసక వెలుతురులో నడిచే శక్తిని బాగా పెంచుతుంది గానీ చూపును పూర్తిగా మామూలు చేయదు, కణాలు చనిపోయాక పని చేయదు. లెబర్ పిల్లల్లో కొద్దిమందికే ఈ జన్యువు కారణం. కానీ ఆ కొద్దిమందిలో మీ పాప ఉందో లేదో తెలుసుకోవాలంటే వేరే మార్గం లేదు. తర్వాతి కాన్పు గురించి ఆలోచించేవాళ్లకు కూడా ఇది అవసరం. రిసెసివ్ అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. జన్యువు పేరు తెలిస్తేనే ముందుగా పరీక్ష చేసుకునే వీలు.

జన్యువు తెలియకుండానే స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేస్తాం, చూపు తెప్పిస్తాం అని డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. అలాంటి ఇంజెక్షన్ల తర్వాత ఉన్న కాస్త చూపూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

కళ్లతో ఆగకూడదు

కొన్నిసార్లు రెటీనా జబ్బు ఒంట్లోని పెద్ద జబ్బుకు మొదటి గుర్తు. ఆరేళ్ల బాబు రేచీకటితో వచ్చాడు, కాస్త లావుగా ఉన్నాడు. చేయి పట్టుకుంటే చిటికెన వేలి పక్కన చిన్న మచ్చ తగిలింది. అడిగితే పుట్టినప్పుడు ఆరో వేలు ఉండేది, తీయించేశాం అన్నారు. అది ఎవరికీ చెప్పాల్సిన సంగతిలా వాళ్లకు అనిపించలేదు. బార్డెట్ బీడిల్ సిండ్రోమ్ అది, కిడ్నీలను కూడా పట్టుకుంటుంది. అదే రోజు కిడ్నీ డాక్టర్ దగ్గరికి పంపాను.

అందుకే అదనపు వేళ్లు, వినికిడి, నడక, బరువు, ఎక్కువగా నీళ్లు తాగడం, రాత్రిళ్లు పదే పదే మూత్రానికి లేవడం, ఇవన్నీ అడుగుతాను. లెబర్‌తో వచ్చే కొందరు పిల్లల్లో కిడ్నీలు నెమ్మదిగా, చప్పుడు లేకుండా దెబ్బతింటాయి. మూత్ర పరీక్ష మామూలుగానే ఉండొచ్చు, రక్తంలో క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ చూస్తేనే తెలుస్తుంది. పుట్టుకతో చెవుడు ఉండి, పద్దెనిమిది నెలలు దాటినా నడక రాని పిల్లల్లో వినికిడి, చూపు రెండూ దెబ్బతినే అషర్ సిండ్రోమ్ ఆలోచించాలి. వాళ్లలో కంటి లక్షణాలు తర్వాత వస్తాయి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, అప్పటిదాకా బాగున్న చూపు కొన్ని నెలల్లో వేగంగా పడిపోతూ, ప్రవర్తన కూడా మారుతుంటే మెదడును, చూపును దెబ్బతీసే బాటెన్ జబ్బు గురించి అడగకుండా వదలకూడదు. అందులో చూపు ముందు పోయి, మూర్ఛలు తర్వాత వస్తాయి.

వంశపారంపర్యంగా కనబడి, కానిదీ ఒకటుంది. విటమిన్ ఎ లోపం. ఎన్నో రకాల తిండి ముట్టని, రెండు మూడు పదార్థాలే తినే ఒక ఆటిజం బాబుకు రేచీకటి వచ్చింది, ఈఆర్‌జీలో రాడ్ తరంగాలు లేవు. రెటినైటిస్ పిగ్మెంటోసా అని రాసేసే పరిస్థితి. రక్తంలో విటమిన్ ఎ చూస్తే అడుగంటి ఉంది. ఇచ్చాక కొన్ని వారాల్లో రాత్రిపూట తిరగడం మొదలుపెట్టాడు. అయితే ఇది చదివి ఎవరూ సొంతంగా విటమిన్ ఎ మందులు మొదలుపెట్టకండి. స్టార్‌గార్ట్ అనే, రెటీనా మధ్యభాగాన్ని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బులో ఎక్కువ మోతాదు విటమిన్ ఎ హాని చేసే ప్రమాదం ఉంది.

స్టార్‌గార్ట్ పేరు వచ్చింది కాబట్టి బడికెళ్లే పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక మాట. నేను కొత్తగా పని మొదలుపెట్టిన రోజుల్లో తొమ్మిదేళ్ల అమ్మాయి బోర్డు కనబడటం లేదని వచ్చింది. పవర్ లేదు, రెటీనా బాగుంది. పరీక్షలంటే టెన్షన్ వల్ల అలా అంటోందని రాసి పంపేశాను. ఏడాదికి మళ్లీ వచ్చేసరికి రెటీనా మధ్యలో పసుపు మచ్చలు మొదలయ్యాయి. ఆ ఏడాదంతా ఆ పిల్ల మాట ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నా రాత వల్లే నమ్మలేదు. అప్పటి నుంచి చూపు తగ్గి, రెటీనా మామూలుగా కనిపించే ఏ పిల్లకైనా ఓసీటీ, ఆటోఫ్లోరెసెన్స్ చేయకుండా "ఏమీ లేదు" అన్న మాట నేను రాయలేదు. మీ బిడ్డ కనబడటం లేదని అంటే ముందు నమ్మండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది

పాప కళ్లు ఊగడాన్ని, లైటు వైపు చూడటాన్ని, మసక వెలుతురులో ఎలా ఉంటుందో ఫోన్‌లో వీడియోలు తీసిపెట్టుకోండి. ఆస్పత్రిలో ఏడుస్తున్న పిల్ల చూపించనిది ఇంట్లో వీడియో చూపిస్తుంది. మూడో నెలకు ముందు తీసినవి ఉంటే అవీ దాచండి. ఈఆర్‌జీ తేదీ తీసుకోండి. పిల్లల డాక్టర్ దగ్గర ఒళ్లంతా ఒకసారి చూపించి, వినికిడి, కిడ్నీ పరీక్షలు అడగండి. జన్యు సలహాదారు దగ్గరికి పంపమని చెప్పండి.

పేరు తేలేదాకా చూపుకు సంబంధించిన సాయం ఆపకండి. పవర్ ఉంటే ఇప్పుడే అద్దాలు పెట్టించండి, ఏడు నెలల పిల్లలు కూడా పెట్టుకుంటారు. నలుపు తెలుపు గళ్లు, మెరిసే వస్తువులు ముఖానికి దగ్గరగా చూపించండి. ఏ వైపు నుంచి ఎత్తుకుంటున్నారో ముందుగా మాటతో చెప్పండి. మీ గొంతు, మీ చేతులు పాపకు మిమ్మల్ని గుర్తుపట్టే మొదటి దారులు. ముఖం చూడటం లేదని పాపకు మీ మీద ప్రేమ లేదనుకోకండి. ఆ బాధతో దూరంగా కూర్చున్న అమ్మలను నేను చూశాను.

ఈఆర్‌జీ అయ్యాక ఒక్క వాక్యం ఉన్న సారాంశం కాకుండా తరంగాల బొమ్మలున్న పేజీలు కూడా అడిగి తీసుకోండి. పాపకు అప్పుడు వయసు ఎంత, మత్తు ఇచ్చారా లేదా, చీకట్లో ఎంతసేపు ఉంచారు, చీకట్లో ఏం వచ్చింది, వెలుతురులో ఏం వచ్చింది అన్నవి ఇక్కడే రాయండి. పాప పేరు, ఆస్పత్రి పేరు రాయాల్సిన పనిలేదు. నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.